కవరు విప్పి చూపించు తమ్ముడూ

తమ్ముడూ,

వార్‌గేములు, అంటే బొమ్మ సైనికులతోనో బోర్డు మీదో యుద్ధాలు ఆడే ఆటలు, వాటి తొలినాళ్ళ పత్రికల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకసారి బస్సులో ఫోన్ మీద, ఇంకోసారి ఇంట్లో ప్రింటు తీసుకుని, పెన్సిల్ పట్టుకుని. కష్టపడ్డావని తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేజీన్నర కొట్టేశాను, ఏమనుకోకు. కురుక్షేత్రం, చతురంగం, 'అనాదిగా మానవుడు' అంటూ ఎత్తుకున్నావు చూడు, అదంతా పాటకు ముందు గొంతు సవరించుకోవడమే. నీ కథ 1957లో, కాలిఫోర్నియాలోని వైసేలియా అనే ఊళ్ళో మొదలవుతుంది. అక్కడే మొదలుపెట్టు. 'సమరక్రీడ' అన్న మాట కూడా తీసెయ్, ఆడేవాళ్ళెవరూ అలా అనరు. వార్‌గేమ్ అనే రాయి.

అసలు ఇబ్బంది వేరే ఉంది. న్యూస్‌లెటర్లకు ఒక అధ్యాయం, పోస్టులో సరుకు అమ్మే మెయిలార్డర్ కేటలాగులకు ఇంకో అధ్యాయం పెట్టావు. అవి రెండూ ఒకే కవర్లో తిరిగిన కాగితాలు, విడదీస్తే రెండూ చచ్చిపోతాయి. ఆ వైసేలియా మనిషి జాక్ స్క్రూబీనే తీసుకో. వార్ గేమ్ డైజెస్ట్ అనే పత్రిక నడిపిందీ ఆయనే, చిన్న చిన్న లోహపు సైనికుల్ని పోతపోసి అమ్మిందీ ఆయనే. ఎందుకలా? ఆడేవాళ్ళు అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ ఊరికొక్కరు కూడా లేరు, షాపు తెరిస్తే ఈగలు తోలుకోవాల్సిందే. ముందు వాళ్ళను వెతికి పట్టుకోవాలి, ఒకరి సంగతి ఒకరికి తెలియాలి, రూల్స్ మీద ఉత్తరాల్లో కొట్లాడుకోవాలి, అప్పుడు గానీ నెపోలియన్ కాలపు పటాలం ఇంకొకటి కొనాలని ఎవడికీ బుద్ధి పుట్టదు. నువ్వు స్క్రూబీని 'దార్శనికుడు' అన్నావు. ఆ మాటతో నాకేం కనపడలేదు. సంపాదకుడూ దుకాణదారూ ఒకే మనిషైతే పత్రికలో ఏం రాస్తాడు, ఏం రాయడు? ఆ ప్రశ్న పట్టుకో, వ్యాసం దానంతటదే నడుస్తుంది.

ఇంగ్లండ్ నుంచి డొనాల్డ్ ఫెదర్‌స్టోన్, టోనీ బాత్ ఆ పత్రికలో చేయి కలిపారు. అది ఆగాక ఫెదర్‌స్టోన్ 1962లో సొంతంగా వార్‌గేమర్స్ న్యూస్‌లెటర్ మొదలుపెట్టి 1980 దాకా లాక్కొచ్చాడు. ఆయన వృత్తికి ఫిజియోథెరపిస్టు, సౌతాంప్టన్ ఫుట్‌బాల్ క్లబ్బులో పనిచేశాడు. ఇంత మంచి ముక్కని ఫుట్‌నోట్‌లో పడేశావేంటయ్యా! ఒక చేత్తో ఆటగాళ్ళ మోకాళ్ళు, ఇంకో చేత్తో చందాదారుల కవర్లు. పైకి తీసుకురా.

బోర్డు గేముల భాగం పరవాలేదు. చార్లెస్ రాబర్ట్స్ 1954లో టాక్టిక్స్ అనే ఆటను పోస్టులో అమ్మడం, రెండు వేల దాకా కాపీలు పోయినా చివరికి మిగిలింది దాదాపు ఏమీ లేకపోవడం, ఆ తర్వాత 1958లో అవలాన్ హిల్ అనే ఆటల కంపెనీ పెట్టడం, ఇవి నాలుగు వాక్యాల్లో దాటేయొచ్చు. నిలబడాల్సింది 1964 దగ్గర. ఆ ఏడాది అవలాన్ హిల్ 'జనరల్' అనే సొంత పత్రిక తెచ్చింది. అందులో 'ప్రత్యర్థి కావలెను' అని ప్రకటనలు పడేవి, మన పేపర్లో 'వధువు కావలెను' పడ్డట్టే. పెట్టె కొన్నాడు సరే, ఎవరితో ఆడతాడు పాపం? ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతల ఇంకొకడు దొరికితే పోస్టులో ఆడాలి. మరి పోస్టులో పాచిక వేసేదెలా? నాకు ఆరు పడిందని రాస్తే అవతలివాడు నమ్మాలిగా! దానికో ఉపాయం: ఫలానా కంపెనీ షేరు, ఫలానా తేదీ అని ముందే ఉత్తరంలో రాసుకోవడం, ఆ రోజు ఎన్ని షేర్లు అమ్ముడయ్యాయో పేపర్లో చూసి, ఆ సంఖ్యలో చివరి అంకెనే పాచికగా తీసుకోవడం. స్టాక్ మార్కెట్ వచ్చి ఇద్దరు కుర్రాళ్ళ మధ్య యుద్ధం తేల్చడం! దీన్ని నువ్వు 'వినూత్న పద్ధతుల ద్వారా' అని మూడు మాటల్లో మింగేశావు. ఒక పేరా మొత్తం ఇవ్వు. ఆ కుర్రాడు పొద్దున్నే వాళ్ళ నాన్న చేతిలో పేపర్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తూ ఉంటాడని నాకనిపిస్తుంది. అది నా ఊహే, నువ్వు రాయకు.

సైక్లోస్టైల్, అదే స్టెన్సిల్ పెట్టి చేత్తో తిప్పి కాపీలు తీసే యంత్రం, దాని గురించి నీకు తెలియకపోవడం నీ తప్పు కాదు. కాలేజీలో మేమొక పత్రిక తెచ్చేవాళ్ళం. స్టెన్సిల్ మీద ఇనుప మొన కలంతో రాయాలి, గట్టిగా నొక్కితే చిరుగుతుంది, మెల్లగా రాస్తే అక్షరం దిగదు. ఒకసారి నేను చిరిగిన స్టెన్సిల్‌నే అతికించి తిప్పేశాను, మా సీనియర్ కవిత మధ్యలో నల్లటి చార పడింది, ఆయన నాతో నెల రోజులు మాట్లాడలేదు. జాన్ బోర్డ్‌మన్ 1963లో బ్రూక్లిన్ నుంచి గ్రౌస్టార్క్ అనే పత్రిక మొదలుపెట్టాడు, డిప్లొమసీ అనే ఎత్తులూ పొత్తుల బోర్డు ఆటను పోస్టులో ఆడించడానికే. దాని వెనకాల అలాంటి చిన్న పత్రికలు బోలెడు పుట్టాయి, చాలావరకు ఇలా చేత్తో తిప్పి తీసినవే. కాబట్టి 'ముద్రణ నాణ్యత తక్కువ' అని మార్కులు వేయకు.

చివరి భాగం తొందరలో చుట్టేశావు. క్రిస్ వాగ్నర్ అమెరికా వైమానిక దళంలో జపాన్‌లో ఉండగా 1967లో స్ట్రాటజీ అండ్ టాక్టిక్స్ అనే వార్‌గేమ్ పత్రిక మొదలుపెట్టాడు. రెండేళ్ళకే అది ఒక్క డాలరుకు ఆటలు తయారుచేసే జిమ్ డన్నిగన్ చేతికి పోయింది. ఆయన ఏం చేశాడు? పత్రికలోనే ఆట పెట్టి పంపాడు. చూశావా, ఇక చదివేదేది, కొనేదేది? 1975లో లండన్‌లో ఔల్ అండ్ వీజిల్ అనే చిన్న న్యూస్‌లెటర్ కాపీ ఒకటి అమెరికా చేరడం, దానికి జవాబుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రల్లోకి దూరి ఆడే ఆట రావడం, ఆ న్యూస్‌లెటర్ కుర్రాళ్ళు ధైర్యం చేసి ఆరంటే ఆరు కాపీలు ఆర్డర్ పెట్టడం, ఇదీ ఆ దారే. గేమ్స్ వర్క్‌షాప్ అనే బ్రిటిష్ ఆటల కంపెనీ పెట్టింది వాళ్ళే.

ముందు ఆ పాచిక పేరా ఒక్కటే రాసి పంపు. టైటిల్ సంగతి తర్వాత చూద్దాం. అన్నట్టు, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు నాయనా, కళ్ళజోడు మార్చాల్సి వచ్చేలా ఉంది.

మీ అన్నయ్య