అన్నీ వచ్చిన పిల్లాడికి ఎల్‌కేజీలో ఏం పని?

ప్రశ్న: మా బాబుకి నాలుగున్నరేళ్లు. ఒత్తులతో సహా తెలుగు చదివేస్తాడు. పన్నెండో ఎక్కం వరకు వచ్చు. జూన్‌లో బడిలో వేయాలి. ఎల్‌కేజీలో అక్షరాలు దిద్దిస్తూ కూర్చోబెడితే బడి అంటేనే విసుగు పుడుతుందేమోనని నా భయం. నేరుగా ఒకటో తరగతిలో వేయమని మామగారు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మామగారి మురిపెం అర్థమవుతోంది, కానీ ఆ పని మాత్రం చేయకండి. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్నది 2020 జాతీయ విద్యావిధానం పెట్టిన లెక్క. ఏదైనా బడి ఇప్పుడే చేర్చుకున్నా, పక్కన కూర్చునేవాళ్లు మీవాడికంటే ఏడాదిన్నర పెద్దవాళ్లు. ఎక్కాల్లో వాళ్లను దాటేస్తాడు సరే, ఆటల్లోనో? రాతలోనో? ‘లక్ష్మి’ అని గడగడా చదివే పిల్లాడే, రాయమంటే ‘ల’ దగ్గరే చెయ్యి నొప్పంటాడు. ఆ వయసు వేళ్లకు అంతే బలం ఉంటుంది.

అందుకని జూన్ దాకా కొత్త పాఠాలేవీ వద్దు. చపాతీ పిండి పిసకనివ్వండి, బఠాణీలు ఒలవనివ్వండి. రాతకు అంతకు మించిన తయారీ లేదు. టిఫిన్ డబ్బా మూత తనే తీసుకోగలడా? ముద్దలు పెట్టకుండా తనంతట తను తింటాడా? బాత్‌రూమ్‌కి వెళ్లాలని కొత్త మనిషిని అడగగలడా? మొదటి వారం ఏడిపించేవి ఇవే, ఎక్కాలు కావు.

ఇంకొకటి, ఓడిపోవడం. తెలివైనవాడని పేరుపడ్డ పిల్లాడిని ఇంట్లో అందరూ కావాలనే గెలిపిస్తుంటారు. వైకుంఠపాళి ఆడండి, పెద్ద పాము మింగితే మింగనివ్వండి. అలిగితే బతిమాలకండి, కాసేపటికి తనే వస్తాడు. చుట్టాలు రాగానే నిలబెట్టి ఎక్కాలు చెప్పించడం కూడా ఆపేయండి (మామగారికి ఇది మీవారు చెబితే బాగుంటుంది). ఆ మెచ్చుకోలుకు అలవాటుపడ్డ పిల్లలు తరగతిలో టీచర్ తమను అడగకపోతే చిన్నబుచ్చుకుంటారు, లేదా ఎవరినడిగినా తామే జవాబు అరిచేస్తారు.

టీచర్‌ను మొదట్లోనే కలవండి. ‘మావాడికి అన్నీ వచ్చు’ అని మొదలుపెట్టకుండా, చదవడం వచ్చని చెప్పి, దిద్దడం అయిపోయాక బొమ్మల పుస్తకం ఇవ్వగలరేమో అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

మీరు రాయని సంగతి ఒకటి ఉంది. చదివింది అర్థం చేసుకుని మీతో కబుర్లు చెబుతున్నాడా? పిలిస్తే పలుకుతున్నాడా, తోటి పిల్లలతో ఆడుతున్నాడా? అయితే చింత లేదు. చదువు జోరుగా ఉండి మాటా ఆటా లేకపోతే మాత్రం, పిల్లల ఎదుగుదలను చూసే డాక్టర్‌కు బడి తెరవకముందే ఒకసారి చూపించండి.

విసుగు సంగతంటారా, ఇంగ్లిష్ మీడియం బడే అయితే అక్కడ చెప్పే సగం మీవాడికి కొత్తే. ఆ హడావుడిలో తెలుగు చదవడం మానేయకుండా చూసుకోండి. రాత్రి పడుకునేముందు ఒక కథ మీరు చదవండి, ఒకటి వాడిచేత చదివించుకోండి.