బలి అయ్యాడా, అర్పించుకున్నాడా?

సందేహం: మా చర్చిలో ఒక పెద్దావిడ ప్రార్థనలో 'క్రీస్తు మనకోసం బలి అయ్యాడు' అన్నారు. మా అబ్బాయి 'బలి అయ్యాడంటే ఎవరో మోసం చేసి చంపినట్టుంది, త్యాగం చేశాడు అనాలి' అంటాడు. మేమేమో 'బలియాగం' అని కూడా వింటూ ఉంటాం. ఏది సరైన మాట?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: అమ్మా, చెన్నైలో ఇంగ్లీషు మీడియం చదివే పిల్లాడు తెలుగు మాటను ఇంత జాగ్రత్తగా వింటున్నాడంటే సంతోషం. వాడికి అలా వినిపించడంలో వాడి తప్పు లేదు. తప్పు మన పత్రికలది. 'ముగ్గురిని బలిగొన్న లారీ', 'రమ్మీకి యువకుడు బలి' అని రోజూ రాస్తున్నారు. బలి అన్నాక ఇచ్చేవాడు ఉండాలి, పుచ్చుకునేవాడు ఉండాలి, ఇచ్చే వస్తువు ఉండాలి. లారీ కింద పడ్డవాణ్ని ఎవరు ఎవరికిచ్చారు? 'చనిపోయారు' అంటే సరిపోయేదానికి ఇంత పెద్ద మాటను అరగదీస్తున్నారు.

నిజానికి బలికి మొదటి అర్థంలో రక్తం లేదు. 'భాగధేయః కరో బలిః' అని అమరకోశం. అంటే కప్పం, పన్ను. రఘువంశం మొదటి సర్గలో దిలీపుడి గురించి కాళిదాసు అంటాడు:

ప్రజానామేవ భూత్యర్థం స తాభ్యో బలిమగ్రహీత్
సహస్రగుణముత్స్రష్టుమాదత్తే హి రసం రవిః

ప్రజల మేలు కోసమే ఆ రాజు వాళ్ల దగ్గర బలి, అంటే పన్ను, తీసుకున్నాడట. సూర్యుడు నీటిని పీల్చేది వేయింతలుగా తిరిగి కురిపించడానికే కదా అని పోలిక. ఈ శ్లోకం ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. 'ఆదత్తే', 'ఉత్స్రష్టుం' – తీసుకోవడం, వదలడం – రెండూ ఒకే పంక్తిలో పక్కపక్కనే పెట్టాడు. ఇచ్చినది ఊరికే పోదు, వానై తిరిగి వస్తుందన్న నమ్మకం బలి అన్న మాటలోనే ఉందని అనిపిస్తుంది.

గుళ్లో బలిపీఠం మీద పెట్టేది అన్నమే. తద్దినం నాడు ఇక్కడి ఫ్లాట్ల మేడల మీద కాకికి పెట్టే పిండమూ బలే. పశువును కోసేదీ బలే, కానీ ఇప్పుడు ఆ అర్థమొక్కటే మిగిలి తక్కినవి మరుగునపడ్డాయి.

ఈ బలులన్నిటిలో ఇచ్చేవాడు కింద, పుచ్చుకునేవాడు పైన. ప్రజ రాజుకిస్తుంది, భక్తుడు దేవుడికిస్తాడు. క్రైస్తవులు చెప్పే బలిలో రాజే దిగివచ్చి ప్రజల తరఫున కప్పం కట్టాడు. బైబిల్లో మార్కు 10:45లో 'విమోచన క్రయధనము', అంటే విడిపించడానికి కట్టే వెల, అన్నది అందుకే. ఇక్కడ ఇచ్చేవాడూ ఆయనే, ఇచ్చే వస్తువూ ఆయనే. 'ఎవడును నా ప్రాణము తీసికొనడు. నా అంతట నేనే దాని పెట్టుచున్నాను' అని యోహాను 10:18. ఎఫెసీ 5:2లో తెలుగు అనువాదకులు 'అర్పణముగాను బలిగాను అప్పగించుకొనెను' అన్నారు. 'అప్పగింపబడెను' అనలేదు. ఆ 'కొను' చూడండి. రెండక్షరాల్లో ఎంత సిద్ధాంతం ఇమిడింది! తెలుగుకున్న ఈ సొగసును వదిలేసి 'బడు' వెంట పడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక త్యాగం. అదీ మంచి మాటే, బలికి పోటీ కాదు. 'ద్రవ్యం దేవతా త్యాగః' అని యాగానికి శ్రౌతసూత్రం, అంటే యజ్ఞవిధుల గ్రంథం, చెప్పే లక్షణం: ఇచ్చే వస్తువు, పుచ్చుకునే దేవత, వదులుకోవడం. నెయ్యి అగ్నిలో పడగానే యాగం చేయించే యజమాని 'ఇదం న మమ' అంటాడు, ఇది నాది కాదని. ఆ ఒక్క మాటే త్యాగం. కానీ మనం బస్సులో సీటు ఇచ్చినా, డైటింగ్‌లో బిర్యానీ మానేసినా త్యాగమే అంటున్నాం. పైగా త్యాగం అంటే వదులుకున్నాడని తెలుస్తుంది గానీ, ఎవరికి అర్పించాడో తెలియదు. 'బలియాగం'లో రెండు మాటలెందుకని ఆక్షేపించవచ్చు. వాడుకలో స్థిరపడింది కాబట్టి నేను ఆక్షేపించను.

కతోలికులు 'దివ్యబలిపూజ' అంటారు, చాలా సంఘాలవాళ్లు 'ఈ ఆదివారం బల్ల ఉంది' అంటారు. రెండూ క్రీస్తును తలచుకుని రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధనకు పేర్లే. బలిపీఠమా, భోజనపు బల్లా అన్నది వందల ఏళ్ల వాదం, అది నేను తీర్చేది కాదు. ఒకసారి పక్కింటివాళ్లు పిలిస్తే పెరంబూరులోనే ఒక ఆరాధనకు వెళ్లాను. రైల్వేలో రిటైరైన ఒకాయన చెయ్యి వణుకుతుంటే, పక్కనున్న కుర్రాడు ఆయన పట్టుకున్న చిన్న ద్రాక్షరసం గిన్నె కింద తన అరచెయ్యి పట్టాడు. ఒక్క చుక్క ఒలకలేదు. హెబ్రీ 13:16 అప్పుడు గుర్తొచ్చింది. ఉపకారమును, ధర్మమును చేయడం మరవకండి, అట్టి యాగాలే దేవుడికి ఇష్టం అంటుందది. ఆ 'ధర్మం' మన 'ధర్మం చెయ్యి తల్లీ'లో ఉన్న ధర్మమే. రోమా 12:1 విశ్వాసిని 'సజీవ యాగము'గా ఉండమంటుంది. చంపడం లేని యాగమన్నమాట.

కాబట్టి రాసేటప్పుడు 'తన్ను తాను బలిగా అర్పించుకున్నాడు' అని రాయమనండి మీ అబ్బాయిని. ఆ పెద్దావిడను మాత్రం దిద్దవద్దనండి. 'సన్యాసి అయ్యాడు', 'దాసుడయ్యాడు' అంటాం, వాటిలో ఎవరి బలవంతమూ లేదు, మనసారా అయినవే. ఆవిడ నోట 'బలి అయ్యాడు' కూడా ఆ 'అయ్యాడే' కావచ్చు.