ఎనిమిదో తరగతిలోనే ఫౌండేషన్ కావాలా?

ప్రశ్న: మేం విశాఖపట్నం మల్కాపురంలో ఉంటాం. మా ఆయన షిప్‌యార్డులో ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరు. మా అమ్మాయి దగ్గరలోని మునిసిపల్ స్కూల్లో ఏడో తరగతి పూర్తి చేసింది. అక్కడ ఏడు వరకే ఉంది, జూన్‌లో హైస్కూల్‌కి వెళ్లాలి. మా ఆడపడుచు మాత్రం ఇప్పుడే ఐఐటీ, నీట్ ఫౌండేషన్ ఉన్న కార్పొరేట్ స్కూల్లో వెయ్యకపోతే తర్వాత అందుకోలేదని పట్టుబడుతోంది. గాజువాకలో ఒకచోట కనుక్కున్నాం. ఆ ఫీజు కట్టాలంటే నా గొలుసు తాకట్టు పెట్టాల్సిందే. పాప బాగానే చదువుతుంది గానీ క్లాసులో నోరు విప్పదు. ఏమవుతావని అడిగితే ఒకసారి డాక్టర్ అంటుంది, ఒకసారి పోలీస్ అంటుంది, ఇంకోసారి టీచర్ అంటుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, గొలుసు తాకట్టు పెట్టకండి. పాపను హైస్కూల్లోనే చేర్పించండి. డబ్బు లేదు కదా అని ఇలా చెబుతున్నానని అనుకోవద్దు. మీ చేతిలో ఆ డబ్బు ఉన్నా నేను ఇదే చెప్పేదాన్ని.

ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకు ఎనిమిదో తరగతిలో ఒక అవకాశం ఉంటుంది. ఆ ఏడాది దాటితే మళ్లీ రాదు. దాని పేరు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్, అందరూ ఎన్‌ఎంఎంఎస్ అంటారు. ప్రభుత్వ, మునిసిపల్, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదువుతున్నవాళ్లే ఈ పరీక్ష రాయాలి. ప్రైవేటు స్కూలు పిల్లలకు అర్హత లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకు 50 చాలు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. నాలుగేళ్లకు 48,000. మీరు ఆ కార్పొరేట్ స్కూల్లో చేర్పించిన రోజే పాప ఈ పరీక్షకు దూరమైపోతుంది. మీ ఆడపడుచుకి ఈ సంగతి తెలిసి ఉండదు. ఆవిడ పాప మంచి కోరే చెబుతున్నారు, అందుకని ఆవిడకి కూడా ఇది చదివి వినిపించండి.

రెండోది పదో తరగతి తర్వాత వచ్చేది. మనం ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునే నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం, ఒంగోలు క్యాంపస్‌లలో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్ల చదువు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివి వచ్చిన పిల్లలకు వాళ్ల మార్కులకు 4 శాతం డెప్రివేషన్ స్కోరు అని కలుపుతారు. ఒక్కొక్క మార్కు దగ్గర పోటీ పడే చోట ఆ 4 శాతం చాలా పెద్దది. ఫీజు కట్టి దాన్ని పోగొట్టుకోవడం ఎందుకు?

ఇక ఫౌండేషన్ సంగతి. జేఈఈకి గానీ నీట్‌కి గానీ సిలబస్ ఇంటర్ రెండేళ్లదే. చాలా ఫౌండేషన్ బ్యాచుల్లో తొమ్మిది, పది, ఇంటర్ పాఠాల్లోంచి కొన్ని ముక్కలు ముందే తెచ్చి, షార్ట్‌కట్లు నేర్పి, వారం వారం టెస్టు పెడతారు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకు, తరగతి పాఠం సరిపోక ఇంకా కావాలని అడిగే పిల్లలకు అది బాగానే ఉంటుంది. మీ పాప అలా అడిగిందని మీరు రాయలేదు. కింది తరగతుల లెక్కల్లో తడబాటు ఉన్న పిల్లను తీసుకెళ్లి ఆ బ్యాచ్‌లో కూర్చోబెడితే సూత్రాలు బట్టీ పట్టడం అలవాటవుతుంది. ఆర్నెల్లలో ర్యాంకుల లిస్టు చూసి తను మొద్దునని నమ్మేస్తుంది. పదమూడేళ్లకే అలా నమ్మేసిన పిల్లను మళ్లీ లెక్కల దగ్గర కూర్చోబెట్టడానికి ఎంత కష్టపడాలో నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులను చూస్తే తెలుస్తుంది.

అందుకని ముందు తడబాటు ఉందో లేదో చూద్దాం. ఈ సెలవుల్లో ఒకరోజు సాయంత్రం పాపకి మూడు లెక్కలివ్వండి. ఒకటి, మూడింట రెండు వంతులకు నాలుగింట ఒక వంతు కలపమనండి, అంటే 2/3 + 1/4. రెండు, −7 − 5 ఎంత? మూడు, x/3 − 2 = 4 అయితే x ఎంత? జవాబులు వరసగా 11/12, −12, 18. టైము పెట్టకండి, పక్కన ఎవరూ సాయం చెయ్యకూడదు.

జవాబు కంటే పాప చేసిన పద్ధతి చూడండి. మొదటిదానికి 3/7 అని రాసిందంటే పైన పైవి, కింద కిందివి కూడేసింది, భిన్నం అంటే ఏమిటో ఇంకా పట్టుబడలేదు. రెండోదానికి 12 అనో −2 అనో రాస్తే ఋణ సంఖ్యల దగ్గర చిక్కు ఉంది. మూడోదానిలో x/3 = 6 వరకు సరిగ్గా వచ్చి, ఆరుని మూడుతో భాగించి 2 అని రాసే పిల్లలు చాలామంది ఉంటారు. అలాంటప్పుడు ఆ 2ని తీసుకెళ్లి x ఉన్నచోట పెట్టి చూడమనండి. 4 రాదు. తప్పు తనకే కనబడుతుంది. మీరు తిట్టక్కర్లేదు, నేర్పక్కర్లేదు, ‘ఇలా ఎందుకు చేశావమ్మా’ అని అడిగి వినండి చాలు.

వీటిలో ఏది తప్పినా అది ఎనిమిదో తరగతి సమస్య కాదు, ఆరు, ఏడు తరగతులది. ఎనిమిదిలో అకరణీయ సంఖ్యలు (భిన్నంగా రాయగలిగే సంఖ్యలు), ఏకచరరాశి రేఖీయ సమీకరణాలు (పైన మూడో లెక్కలాంటివి) వస్తాయి. రెండూ భిన్నాల మీద, ఋణ సంఖ్యల మీద నిలబడేవే. కాబట్టి పాత లెక్కల పుస్తకాలు పాత పేపర్లవాడికి వెయ్యకండి. జూన్ 12న బడి తెరిచిన దగ్గర్నుంచి దసరా సెలవుల దాకా రోజూ అరగంట పాత పుస్తకంలోని లెక్కలే చెయ్యమనండి. ఆ అరగంట ట్యూషన్ కంటే ఎక్కువ పనిచేస్తుంది. ట్యూషన్ పెట్టాలనుకున్నా ఈ పాత లెక్కలు చెప్పేవాళ్ల దగ్గరే పెట్టండి. ఎనిమిదో తరగతి పాఠాలు ముందుగా అప్పజెప్పించుకునేవాళ్లు వద్దు.

హైస్కూల్లో మారేవి ఇంకా ఉన్నాయి. ఏడు దాకా సైన్సు ఒకటే పుస్తకం. ఎనిమిది నుంచి భౌతిక శాస్త్రం వేరు, జీవశాస్త్రం వేరు, చెప్పే టీచర్లూ వేరు. నాలుగైదు స్కూళ్ల పిల్లలు వచ్చి ఒక సెక్షన్‌లో కూర్చుంటారు. పాత బడిలో అందరు టీచర్లకీ మీ పాప పేరు తెలుసు, ఇల్లు తెలుసు. ఇక్కడ మొదటి రెండు నెలలు ఎవరికీ తెలియదు. నోరు విప్పని పిల్ల వెనక బెంచీలో కలిసిపోయేది సరిగ్గా అప్పుడే.

‘ధైర్యంగా మాట్లాడవే’ అంటే ఏ పిల్లా మాట్లాడదు. పని చిన్నదిగా చేసి ఇవ్వండి. వారానికి ఒక్క ప్రశ్న. అది కూడా క్లాసు మధ్యలో లేచి నిలబడి అడగక్కర్లేదు. అర్థం కాని లైను నోట్సు వెనక పేజీలో రాసుకుని, బెల్లు కొట్టాక టీచర్ దగ్గరికి వెళ్లి చూపిస్తే సరి. నెల రోజులు ఇలా చేస్తే ఆ టీచర్‌కి పాప పేరు తెలుస్తుంది. మిగతాది దానంతటదే జరుగుతుంది. మీరు కూడా మార్కులు వచ్చేదాకా ఆగకుండా జులైలోనే ఒకసారి బడికి వెళ్లండి. క్లాస్ టీచర్‌నీ లెక్కల టీచర్‌నీ కలిసి, ‘మా అమ్మాయి తనంతట తను అడగదు మాస్టారూ, మీరు అప్పుడప్పుడు పేరు పెట్టి లేపండి’ అని చెప్పండి. ఇలా ముందే వచ్చి చెప్పే తల్లి మాటను టీచర్లు మర్చిపోరు.

ఇంగ్లీషు గురించి మీరు అడగలేదు గానీ బట్టీకి అసలు కారణం అక్కడే ఉంటుంది. మన ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. చాలామంది పిల్లలు తెలుగు పేజీ తిప్పి చూడరు, చూస్తే తక్కువతనం అనుకుంటారు. మీ పాపను ముందు తెలుగు పేజీయే చదవమనండి. చదివి, పుస్తకం మూసి, మీరు కూరలు తరుగుతున్నప్పుడు పక్కన కూర్చుని మీకు చెప్పాలి. ‘ఘర్షణ’ పాఠమే అనుకోండి. చెప్పు అడుగు ఎందుకు అరుగుతుంది, తడి గచ్చు మీద కాలెందుకు జారుతుంది, అన్నీ మీకు అర్థమయ్యేలా చెప్పాలి. మీకు సైన్సు రాకపోయినా ఫర్వాలేదు. మీకు అర్థం కాలేదంటే పాపకీ సగమే అర్థమైందని లెక్క. ఆ తర్వాత ఇంగ్లీషు పేజీ చదివి, అదే సంగతి రెండు వాక్యాల్లో సొంతంగా రాయాలి. తప్పులుంటాయి, ఉండనివ్వండి. సొంతంగా తప్పుగా రాసిన రెండు వాక్యాలు గైడులోంచి దించిన పేజీ కంటే నయం.

ఎన్‌ఎంఎంఎస్‌కి చెయ్యాల్సిన పని మీదే ఎక్కువ. పరీక్ష సాధారణంగా డిసెంబరులో ఉంటుంది. దరఖాస్తు అంతకు రెండు మూడు నెలల ముందు హెడ్మాస్టరు ద్వారా వెళుతుంది. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం కావాల్సి వస్తాయి. ఆగస్టులోనే మీ వార్డు సచివాలయంలో అడిగి తీసి పెట్టుకోండి, చివరి వారంలో పరిగెత్తకండి. పరీక్షలో రెండు భాగాలు, ఒక్కోదానిలో 90 ప్రశ్నలు. ఒకటి ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలు, సైన్సు, సోషల్. ఇంకోటి ఆలోచనా శక్తికి సంబంధించినది, అంకెల వరసలు, బొమ్మల పోలికలు, అక్షరాల బదులు వేరే అక్షరాలో అంకెలో పెట్టే కోడింగు, ఇలాంటివి. ఈ రెండో భాగం ఎవరూ క్లాసులో చెప్పరు, కాబట్టి పాత ప్రశ్నపత్రాలు సంపాదించి ఆదివారాలు చేయించండి. వాటి కోసం లైబ్రరీకి వెళ్లడానికి బస్సు ఖర్చుకి వెనకాడక్కర్లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. ఆధార్ దగ్గర పెట్టుకుని తల్లీకూతుళ్లు లైబ్రరీకి వెళ్లి రండి.

ఒక ఆడపిల్ల తల్లిగా మీరు మర్చిపోకూడనిది ఇంకొకటి ఉంది. ఈ వయసులోనే నెలసరి మొదలవుతుంది, లేదా ఇప్పటికే మొదలై ఉంటుంది. ఆ మూడు రోజులూ బడి మానేసే పిల్లలు నెల నెలా పాఠాల్లో వెనకబడుతూ ఉంటారు, కారణం మాత్రం ఎవరికీ చెప్పరు. కొత్త బడిలో బాత్రూములు ఎలా ఉన్నాయో, ఇబ్బంది వస్తే ఏ మేడమ్‌కి చెప్పుకోవాలో మొదటి వారంలోనే కనుక్కోండి. సంచిలో ఎప్పుడూ ప్యాడ్లు ఉండాలి. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్లన్నీ, మీవీ మీ ఆయనవీ కూడా, ముందు గదిలో ఛార్జింగ్‌కి పెట్టేయండి. పొద్దున ఆరింటికి లేచినా ఎనిమిది గంటలకు పైగా నిద్ర ఉంటుంది, ఈ వయసుకి అంత అవసరం.

ఏమవుతావంటే రోజుకో మాట చెబుతోందని బెంగ పడకండి. పదమూడేళ్లకి అలాగే చెప్పాలి. పది వరకు అందరికీ అవే సబ్జెక్టులు. పదయ్యాక పాలిటెక్నిక్‌కి, ఐటీఐకి దారి ఉంది. మీకు దగ్గరలో కంచరపాలెంలోనే రెండూ ఉన్నాయి. డాక్టర్ అవ్వాలన్నా ఇంజనీర్ అవ్వాలన్నా ఇంటర్‌లో గ్రూపు ఎంచుకున్నప్పుడు తేల్చుకుంటే చాలు, దానికి ఇంకా మూడేళ్లు ఉంది. ఇప్పుడు అడగాల్సింది ‘పోలీస్ అంటే నీకేం నచ్చింది?’ అని. యూనిఫామా, జనం భయపడతారనా, తప్పు చేసినవాణ్ణి పట్టుకోవచ్చనా? ఆ జవాబులో మీ కూతురు మీకు కొత్తగా కనబడుతుంది.

వాళ్ల నాన్నని కూడా ఇందులోకి తీసుకురండి. ఆయన ‘నాకేం తెలుసు, చదువుకోలేదు’ అంటారేమో. ఆయనకు తెలిసినంత ఇనుము గురించి పాప పుస్తకంలో లేదు. అతుకు ఎలా నిలుస్తుంది, ఏ రేకు వంకరపోతుంది, మాస్కు లేకుండా ఆ వెలుగు ఎందుకు చూడకూడదు, ఇవన్నీ పాపకి చెప్పమనండి. ఒక ఆదివారం ముగ్గురూ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూసి రండి. అంత ఇనుప ఓడ నీళ్లలో ఎలా మునుగుతుంది, మళ్లీ ఎలా తేలుతుంది అని పాప అడిగితే అదే ఎనిమిదో తరగతి ‘బలం, పీడనం’ పాఠంలోకి తీసుకెళుతుంది. ఓడల డిజైను చదివే కోర్సులు మన ఊళ్లోనే ఆంధ్రా యూనివర్సిటీలో ఉన్నాయి, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్నాయి. అది చదవమని చెప్పొద్దు. ఉందని తెలిస్తే చాలు.

చివరగా, ఈ వారంలోనే చెయ్యాల్సిన పని. పాత బడిలో టీసీ తీసుకునేటప్పుడు పాప పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే నిలబడి అక్షరం అక్షరం చూసుకోండి. ఇవే కొత్త బడి రిజిస్టర్‌లోకి, అక్కణ్నుంచి పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కుతాయి. సర్టిఫికెట్ అచ్చయ్యాక మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. తేడా ఉంటే ఇప్పుడే పాత హెడ్మాస్టరు గారికి చూపించి, జనన ధ్రువపత్రం ప్రకారం సరిచేయించుకున్నాకే టీసీ తీసుకోండి.