ప్రోకారిడిడే రొయ్యలు మామూలు రొయ్యలకు ఎట్ల వేరు?

ముందుగాల హన్మకొండల కొన్న వనామీ రొయ్యనొకటి, మన చెరువుల పెరిగే నీలకంఠ రొయ్యనొకటి పక్కపక్కన పెట్టి చూడున్రి. నీలకంఠకు పొట్టమీది రెండో పెంకు ముందుదాన్ని, వెనకదాన్ని రెండింటినీ కప్పుకొని ఉంటది, వనామీకి వెనకదాన్నే కప్పుతది. ప్రోకారిడిడే కుటుంబంల ప్రోకారిస్ అనే రొయ్య గూడ ఇందుల నీలకంఠ లెక్కనే, అందుకే మొదట్ల దాన్ని గూడ నీలకంఠ ఉండే కారిడియా గుంపులనే వేసిన్రు.

కానీ కాళ్లు చూస్తే అసలు తేడా సమజైతది. నీలకంఠకు ముందు రెండు జతల కాళ్లకు, వనామీకి మూడు జతలకు కొసన పట్టుకారు లెక్క డెక్కలుంటయి, ప్రోకారిస్‌కైతే ఒక్క జతకు గూడ ఉండయి, పైగా నడిచే ఐదు జతల్ల ప్రతి కాలికి మొదట్ల ఇంకో చిన్న కొమ్మ మొలిచి ఉంటది, నాకు మస్తు నచ్చేది అదే. గందుకే ఇప్పుడు ప్రోకారిడిడియా అని వేరే గుంపు చేసిన్రు.

అట్లాంటిక్‌ల అసెన్షన్ దీవిల, లావా రాళ్ల నడుమ ఉప్పునీటి గుంటలల్ల దొరికిన ప్రోకారిస్‌కు 1972ల చేస్, మానింగ్ అనే శాస్త్రవేత్తలు పేరు పెట్టిన్రు. తర్వాత హవాయి, బెర్ముడా దిక్కు గూడ దొరికినయి. కుటుంబం మొత్తంల రెండే ప్రజాతులు, ప్రోకారిస్, వెటెరికారిస్.