తరగతిలో అందరికంటే పెద్దవాణ్ణి, ఎవరికీ ఏమీ కాను

ప్రశ్న: నా వయసు 39. సైన్యంలో 17 ఏళ్లు పనిచేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఉండగానే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేశాను. లాసెట్ రాసి మా జిల్లా కేంద్రంలోనే మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరాను. తరగతిలో ఎక్కువమంది 22, 23 ఏళ్ల పిల్లలు. నన్ను అంకుల్ అంటారు. లెక్చరర్ వస్తే లేవరు, తొమ్మిదిన్నర క్లాసుకు పదింటికి వస్తారు. రెండు మూడుసార్లు నెమ్మదిగా చెప్పాను. ఒకరోజు ఉండబట్టలేక గట్టిగా కేకలేశాను. అప్పటి నుంచి నేను దగ్గరికి వెళితే మాటలు ఆపేస్తున్నారు. క్యాంటీన్‌లో అందరికీ టీ, సమోసాలు ఇప్పించి చూశాను. తిని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. కాలేజీ వార్షికోత్సవం రోజు పక్కనే టపాసులు పేల్చారు. ఒళ్లంతా చెమటలు పట్టి బయటికి వచ్చేశాను. మర్నాడు ఒక అబ్బాయి ‘నిన్న ఏమైంది సార్’ అని అడిగితే కడుపునొప్పి అన్నాను. రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టడం లేదు. ఇంట్లోనూ చుట్టంలాగే ఉంది నా పరిస్థితి. ఇన్నేళ్లూ అన్నీ నా భార్యే చూసుకుంది, ఏ వస్తువు ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు. ‘ఈ వయసులో ఈ చదువెందుకు, బ్యాంకులో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం ఉందంటున్నారు కదా’ అంటోంది. పల్టన్‌లో ఉన్నప్పుడు ఇలా ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు. చదువు మానేయమంటారా?

జవాబు: ఆ పిల్లలకు మీరు ఇచ్చినవన్నీ మీ ఉత్తరంలో ఉన్నాయి. సలహా ఇచ్చారు, మందలించారు, టీ ఇప్పించారు. వాళ్లను మీరు ఏదైనా అడిగినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఒక పుస్తకం, ఒక నోట్సు, ఒక సందేహం, చివరికి పక్కన కాస్త చోటు కూడా అడగలేదు. మీ ఒంటరితనానికి మూలం వయసులో కంటే ఇక్కడే ఎక్కువగా ఉందని నాకు అనిపిస్తోంది.

సైన్యంలో చేరిన తొలిరోజులు గుర్తు తెచ్చుకోండి. వెళ్లగానే మీకొక నంబరు ఇచ్చారు, బారక్‌లో మంచం చూపించారు, ఫలానావాడు నీ బడ్డీ అని చెప్పారు. నాతో స్నేహం చేస్తావా అని ఎవరినీ అడగవలసిన పని మీకు పడలేదు. లంగర్ (వంటశాల) ముందు ఒకే వరుసలో నిలబడ్డారు. ఒకడు వరుసలో నిలబడే ఫాలిన్‌కు ఆలస్యంగా వస్తే అందరినీ పరుగెత్తించారు. అందువల్ల పక్కవాడి బూటు లేసు కూడా మీ పూచీయే అయింది. వాడు లేకపోతే మీకు గడవదు, మీరు లేకపోతే వాడికి గడవదు. పల్టన్ మీది అయింది ఆ అవసరం వల్లే. తర్వాత ర్యాంకు పెరిగింది. మీరు ఇచ్చేవాడి స్థానంలోకి వెళ్లారు. జవాన్ల క్షేమం చూశారు, తప్పుచేస్తే కసిరారు, సెలవు కోసం వాళ్ల తరఫున మాట్లాడారు. ఎన్నో ఏళ్లు అలా చేసి చేసి, అడగడమనే అలవాటు మీ నుంచి జారిపోయింది. ఈ తరగతిలో మీరు చేరింది హవల్దార్‌గా. అక్కడ ఖాళీ ఉన్నది రిక్రూటుకు.

కడుపునొప్పి అని చెప్పిన చోటికి వస్తాను. ఆ సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నా మనసు మాత్రం అక్కడే ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కానని అంటున్నారు కదా. మరి అంతమందిలో మీరు లేచి వెళ్లడం ఒకడు గమనించాడు. రాత్రంతా గుర్తుపెట్టుకుని మర్నాడు వచ్చి అడిగాడు. ఆ వయసు కుర్రాడు తనకంటే పదహారేళ్లు పెద్దవాడిని, అంతకుముందు తన మీద కేకలేసిన మనిషిని, అలా అడగాలంటే ఎంతో కొంత ధైర్యం కూడగట్టుకునే ఉంటాడు. మీరు అబద్ధం చెప్పి పంపేశారు. నొప్పి దాచుకోవడం మీకు నేర్పిన సంగతే, తప్పు పట్టడం లేదు. కానీ రేపు అతని దగ్గరికి వెళ్లండి. ‘ఆరోజు కడుపునొప్పి కాదు. టపాసుల చప్పుడు నాకు పడదు, సర్వీసులో అలాంటి చప్పుళ్ల మధ్య ఉన్నాను. అడిగినందుకు సంతోషం’ అనండి. అంతకుమించి చెప్పక్కర్లేదు. యుద్ధ కథలు అసలే వద్దు. అతను వివరాలు అడిగితే, మీకు చెప్పాలనిపించినప్పుడు చెబుతానని ఉన్నమాట అనండి.

తర్వాత అతన్ని ఏదైనా సాయం అడగండి. నిజంగా మీకు రానిదే అడగాలి, మాట కలపడానికి అడిగినట్టు ఉంటే పిల్లలు ఇట్టే పసిగడతారు. న్యాయశాస్త్రంలో మీకు కొత్తగా ఉన్నవి చాలానే ఉంటాయి. కోర్టు తీర్పులను ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకోవడం, నలభై పేజీల ఇంగ్లిషు తీర్పులో అసలు కారణం ఏ పేరాలో ఉందో తెలుసుకోవడం, ఇంటర్నల్స్‌కు జవాబు ఎలా రాయాలో చూసుకోవడం వాళ్లకు మీకంటే సులువు. ఒక విషయంలో మాత్రం అందరూ ఒకే గీత మీద నిలబడి ఉన్నారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు 302 అని దేశమంతా నోటికి వచ్చిన సెక్షను ఇప్పుడు 103 అయింది. మోసానికి 420 పోయి 318 వచ్చింది. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న లాయర్లు కూడా బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకం) ముందు పెట్టుకుని మళ్లీ నంబర్లు చదువుతున్నారు. మీరు వెనకబడి ఉన్నానని అనుకోవలసిన పని లేదు. ఇద్దరు ముగ్గురితో కలిసి కూర్చుని పాత సెక్షన్లకు కొత్త సెక్షన్లు జతచేసే పట్టిక రాయడం మొదలుపెట్టండి. కలిసి కూర్చోవడానికి అదొక మంచి సాకు.

కేకలేసిన రోజు సంగతి తేల్చకుండా ఇవేవీ ముందుకు సాగవు. క్లాసు మొదలయ్యే ముందు అందరికీ వినబడేలా రెండు మాటలు చెప్పండి. ‘ఆరోజు గొంతు పెంచాను, అలా మాట్లాడకుండా ఉండవలసింది’ అంటే చాలు. ‘కానీ మీరు కూడా...’ అని మొదలుపెట్టకండి. లెక్చరర్ వస్తే లేవాలా వద్దా అన్నది ఆ లెక్చరర్ చూసుకుంటారు. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. సమయం తప్పితే ప్రాణాలు పోయే చోట బతికినవారికి, పదింటికి తాపీగా నడిచివచ్చే మనిషిని చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ పిల్లల్లో కొందరు రాత్రి పది దాకా ఎక్కడో పనిచేసి వస్తుండవచ్చు, రెండు బస్సులు మారి వస్తుండవచ్చు. వాళ్ల సంగతి మీకు ఇంకా తెలియదు. తెలిశాక కూడా కోపం వస్తే అప్పుడు చూద్దాం. అంకుల్ అన్న పిలుపు నచ్చకపోతే, ‘అన్నా అనండి’ అని మీరే చెప్పండి. మన దగ్గర ఆ పిలుపుకు అడ్డేమీ లేదు, చెబితే చాలా తొందరగా అలవాటు చేసుకుంటారు.

మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదనల) పోటీలకు పేరు ఇవ్వండి. మీ కోర్సులో మూట్ కోర్టు ఎలాగూ తప్పనిసరి పేపరే. పోటీలకు మామూలుగా ఇద్దరు వాదించేవాళ్లు, ఒకరు పరిశోధన చేసేవాళ్లు ఒక జట్టుగా వెళ్తారు. వారాల తరబడి కలిసి పనిచేయాలి, మెమోరియల్ (వాదనల రాతప్రతి) రాయాలి, రాత్రిళ్లు మేలుకోవాలి, ఓడితే ముగ్గురూ ఓడాలి. మీ కాలేజీలో పల్టన్‌కు అన్నింటికంటే దగ్గరగా ఉన్నది ఇదే. జడ్జి అడ్డుప్రశ్న వేస్తే కుర్రాళ్ల గొంతు తడారిపోతుంది. పెరేడ్ గ్రౌండులో ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడేలా కమాండ్ ఇచ్చిన గొంతు మీది. పరిశోధన వాళ్ల దగ్గర నేర్చుకోండి, నిలబడి మాట్లాడే పని మీరు తీసుకోండి.

తరగతిలో ఇంకెవరి దగ్గరా లేనిది మీ దగ్గర ఒకటి ఉంది. కుటుంబ చట్టం క్లాసులో వీలునామాలు వచ్చినప్పుడు, 1925 నాటి భారతీయ వారసత్వ చట్టంలో 65, 66 సెక్షన్లు చూడండి. యుద్ధంలో ఉన్న సైనికుడు కాగితం లేకుండా, ఒకేసారి దగ్గరున్న ఇద్దరు సాక్షుల ముందు నోటిమాటగా వీలునామా చెప్పవచ్చు. ఆ తర్వాత అతను ప్రాణాలతో ఉండి, అలా చెప్పే అర్హత ఉన్న పరిస్థితి నుంచి బయటపడితే, నెల గడిచాక ఆ మాట చెల్లదు. మిగతావాళ్లకు ఇది మార్కుల కోసం బట్టీపట్టే సెక్షను. పక్కవాడు తనకు ఏమైనా అయితే ఇంట్లో ఇలా చెప్పమని చెవిలో చెప్పిన రాత్రులు మీకు ఉండే ఉంటాయి. అదే సంవత్సరం వచ్చిన సైనికుల వ్యాజ్యాల చట్టం సంగతి కూడా చూడండి. సరిహద్దులో ఉండి కోర్టుకు రాలేని జవాను మీద ఊళ్లో భూమి దావా నడుస్తుంటే, దాన్ని ఆపి ఉంచే వీలు అందులో ఉంది. అన్నదమ్ముల పంపకాల్లో నష్టపోయిన సైనికులు మీకు తెలిసినవాళ్లలోనే ఉంటారు. ఒక సెమినార్‌కు ఈ అంశం తీసుకోండి. అప్పుడు మీరు క్రమశిక్షణ నేర్పడానికి వచ్చిన పెద్దమనిషిలా కనబడరు, వాళ్ల పాఠం తెలిసిన సహాధ్యాయిలా కనబడతారు.

కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే, సైన్యంలో చేరాలని ఉన్న పిల్లలు మీ దగ్గరికి రావడం ఖాయం. 1.6 కిలోమీటర్ల పరుగు ఎలా సాధన చేయాలి, బీమ్ మీద పుల్అప్స్ ఎలా పెంచుకోవాలి, తొమ్మిది అడుగుల కందకం ఎలా దూకాలి అని అడుగుతారు. సంతోషంగా చెప్పండి. అయితే దీన్ని మొదటి మెట్టుగా పెట్టుకోకండి. ఎందుకంటే అక్కడ మళ్లీ మీరు ఉస్తాద్, వాళ్లు రిక్రూట్లు. మీకు ఆ స్థానం అలవాటే, హాయిగానే ఉంటుంది. కానీ మీ తరగతిలో మీరు ఉన్నచోటే ఉండిపోతారు.

ఇంకొక సంగతి మీ మనసుకు ఊరటనిస్తుందని చెబుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళకు అమెరికా తన సైనికుల చదువుకు డబ్బు కట్టేలా 1944లో ఒక చట్టం చేసింది. 1947లో అక్కడి కాలేజీల్లో చేరినవారిలో దాదాపు సగం మంది మాజీ సైనికులే. పెళ్లయినవాళ్లు, పిల్లలున్నవాళ్లు గుంపులుగా వచ్చిపడటంతో కాలేజీలే తమ పద్ధతులు మార్చుకున్నాయి. ఈనాటికీ అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో మాజీ సైనికులు కలుసుకోవడానికి విడిగా ఒక చోటు ఉంటుంది. అక్కడ చదువుకునే మన పిల్లలను అడిగితే చెబుతారు. మీరు ఒక్కరే వచ్చారు. మీ కోసం అలాంటి ఏర్పాటేదీ లేదు. మీకు ఇబ్బందిగా ఉందంటే అది మీ లోపమేమీ కాదు. అయితే ఎంతోకాలం మీరు ఒక్కరే ఉండరు. 2022లో అగ్నిపథ్ పథకం మొదలైంది. నాలుగేళ్ల తర్వాత అగ్నివీరుల్లో 25 శాతం వరకే సైన్యంలో కొనసాగుతారు. మిగతా యువకులు ఇరవయ్యేళ్లు దాటీ దాటగానే బయటికి వస్తారు, చాలామంది కాలేజీల గేట్ల దగ్గరే తేలతారు. అలాంటి కుర్రాడొకడు మీ కాలేజీలో అడుగుపెట్టే రోజుకు, అక్కడి దారులన్నీ తెలిసిన ఒక అన్న అవసరం పడతాడు.

టపాసులు, నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. చెమటలు పట్టడం, లేచి పారిపోవాలనిపించడం పిరికితనం కాదు. ప్రమాదంలో బతకడం నేర్చుకున్న శరీరం ఇంకా కాపలా కాస్తూనే ఉంది. దీనికి చికిత్స ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు మీకు ఉంటుంది కాబట్టి పాలీక్లినిక్‌కు వెళ్లి ఈ రెండు విషయాలూ ఉన్నవి ఉన్నట్టు చెప్పండి, మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు. అర్ధరాత్రి మనసు బాగోలేనప్పుడు 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నిద్ర కోసం మందు తాగుతూ ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు దాచకండి. మీరు రాయలేదు, అయినా చెబుతున్నాను.

ఇక ఇంటి సంగతి. ఉద్యోగం చూసుకోమన్న మాటను చదువు మీద వ్యతిరేకతగా తీసుకుంటున్నారు. నాకు మరోలా వినిపిస్తోంది. 17 ఏళ్లు ఆవిడ ఒంటరిగా నెట్టుకొచ్చారు. పిల్లల జ్వరాలు, స్కూలు ఫీజులు, బంధువుల పెళ్లిళ్లు, పైకప్పు కారడం, అన్నీ. మీరు వచ్చాక ఆ బరువు సగమవుతుందనుకుని ఉంటారు. మీరేమో ఇంట్లో ఉండీ మళ్లీ ఎక్కడో ఉన్నారు, పుస్తకాల్లో, దిగుల్లో. ఇక్కడా అడగడం దగ్గరే మొదలుపెట్టండి. ‘ఇల్లు ఎలా నడుస్తుందో నాకు తెలియదు, నేర్పు’ అనండి. గ్యాసు బుకింగు, కిరాణా ఖాతా, కరెంటు బిల్లు, ఒక్కొక్కటే చేతిలోకి తీసుకోండి. ఆవిడ పద్ధతులు మార్చకండి, మీకు అవి అస్తవ్యస్తంగా కనబడినా సరే. ఇన్నేళ్లు ఇల్లు నిలబడింది ఆ పద్ధతుల మీదే.

ఉద్యోగం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ సెమిస్టర్ పరీక్షలు రాసేదాకా చదువు మానకండి. మీ పెన్షన్ ఎంత, ఇంటి ఖర్చు ఎంత, ఫీజులు పోగా ఎంత మిగులుతోంది అన్నది ఇద్దరూ కాగితం మీద వేసుకోండి. నిజంగా చాలడం లేదని తేలితే కాలేజీ సమయానికి అడ్డురాని పని ఏదైనా ఉందేమో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అక్కడే ఇంకొకటి కనుక్కోండి. సైనిక కుటుంబాలకు ఉచిత న్యాయ సహాయం కోసం జాతీయ న్యాయసేవల సంస్థ 2025 జులైలో ఒక పథకం ప్రారంభించింది, దాని కింద సైనిక బోర్డుల్లోనే న్యాయ సహాయ కేంద్రాలు పెడుతున్నారు. మీ జిల్లాలో ఉంటే, విద్యార్థిగా వెళ్లి సాయం చేయవచ్చునేమో మీ కాలేజీ న్యాయసేవల విభాగం ద్వారా అడిగించండి. అనుమతి వస్తే ఒంటరిగా వెళ్లకండి, ‘నిన్న ఏమైంది సార్’ అని అడిగిన ఆ అబ్బాయిని వెంట తీసుకెళ్లండి. పింఛను కాగితాల హిందీ మీకు అర్థమవుతుంది, ఇంగ్లిషు దరఖాస్తు అతను రాస్తాడు.