ఒక్కదానివే చదవకు తల్లీ

ప్రశ్న: మేడమ్, మాది పలమనేరు దగ్గర తండా. ఇంటర్ దాకా తెలుగు మీడియం. రిజర్వేషన్‌లో తిరుపతిలో బీటెక్ సీటొచ్చింది. మొదటి సెమిస్టర్లోనే మ్యాథ్స్ పోయింది. తప్పినవాళ్ళ కోసం సాయంత్రం రెమీడియల్ క్లాసు పెట్టారు కానీ, వెళ్తే అందరికీ తెలిసిపోతుందని వెళ్ళడం లేదు. ఇప్పటికే కొందరు ‘నీ ర్యాంకెంత?’ అని అడిగి నవ్వుతారు. హాస్టల్లో ఒక్కదాన్నే అర్ధరాత్రి దాకా చదువుతున్నా బుర్రకెక్కడం లేదు. నేను ఈ చదువుకు పనికిరానా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: పనికొస్తావమ్మా. బ్యాక్‌లాగ్ గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. నువ్వు ఒంటరిగా కూర్చుని చదవడమే నాకు దిగులుగా ఉంది.

1970లలో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో యూరి ట్రైస్‌మన్ అనే లెక్కల బోధకుడు ఈ సంగతే గమనించాడు. కాల్‌క్యులస్‌లో నల్లజాతి పిల్లలు చాలామంది తప్పుతుంటే, వాళ్ళకు పట్టుదల లేదనీ, ఇంట్లో చదువు వాతావరణం లేదనీ పెద్దలు అనుకునేవారు. ఆయన దగ్గరుండి చూస్తే వాళ్ళు బాగానే కష్టపడుతున్నారు, కానీ ఎవరికి వాళ్ళే. చైనా మూలాలున్న పిల్లలేమో ముందు సొంతంగా లెక్కలు చేసుకుని, తర్వాత కలిసి కూర్చుని సరిచూసుకుంటున్నారు. అప్పుడాయన ఒక వర్క్‌షాపు పెట్టి, సులువైనవి కాకుండా కష్టమైన లెక్కలే ఇచ్చి, కలిసి చేయించాడు. నల్లజాతి పిల్లల మార్కులు బాగా పెరిగాయి.

ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పినదాన్ని, నేనూ ఇది చూశాను. మాత్రికల లెక్కల్లో ఐగెన్ వాల్యూల కోసం డిటర్మినెంట్ విప్పేటప్పుడు ఒక మైనస్ గుర్తు జారిపోతుంది. రాత్రంతా చూసినా నీ కంటికి ఆనదు. పక్కనున్న పిల్ల ఇట్టే పట్టేస్తుంది.

అందుకే రేపటి నుంచి ఆ క్లాసుకి వెళ్ళు. నీకు జట్టు దొరికేది అక్కడే. ఇద్దరు ముగ్గురు చేరి, ఒకరు లెక్క చేస్తుంటే మిగతావాళ్ళు ‘ఈ స్టెప్పు ఎలా వచ్చింది?’ అని నిలదీయండి. తెలుగులోనే వాదించుకోండి, పరీక్షలో ఇంగ్లీషులో రాస్తే చాలు. ఎక్సర్‌సైజు చివర ఉండే కష్టమైన లెక్కలు వదలొద్దు.

ఇక ర్యాంకు అడిగి నవ్వడం. అది సరదా కాదు, అవమానం. ఇలాంటి కులవివక్షను ఆపడానికే యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2012లో నిబంధనలు తెచ్చింది. ప్రతి కాలేజీలో సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలని అందులో ఉంది. మళ్ళీ ఎవరైనా అలా అంటే తేదీ వేసి, ఆ అధికారికి కాగితం మీద రాసివ్వు. కాపీ నీ దగ్గర ఉంచుకో. ఒక్కదానివే వెళ్ళలేకపోతే నీ జట్టులో ఒకమ్మాయిని తోడు తీసుకెళ్ళు.

అన్నట్టు, సప్లిమెంటరీ నోటిఫికేషన్ కోసం నోటీసు బోర్డు చూస్తూ ఉండు. ఫీజు గడువు దాటనివ్వకు.