కాంక్రీటు ఎల్లుండి కాదు, గొయ్యి తవ్వాకే

అల్లుడూ,

ఆటోనగర్‌లో లారీల వాటర్ సర్వీసింగ్ షెడ్డు పెడుతున్నావని, ఎల్లుండి ర్యాంపుకి కాంక్రీటు వేయిస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషం. కానీ కడిగిన నీళ్లలోంచి నూనె, మట్టి వేరుచేసే నూనె గొయ్యి సంగతి తేలేదాకా ఆ కాంక్రీటు ఆపు. వేసిన కాంక్రీటు మళ్లీ పగలగొట్టిస్తే ఎంత వదులుతుందో నాకు తెలుసు, నేను పగలగొట్టించినవాణ్ణే.

లారీ కడిగిన నీళ్లని ఉన్నవి ఉన్నట్టుగా అండర్‌గ్రౌండ్ డ్రైనేజీలోకి వదలకూడదు. పర్యావరణ నిబంధనల ప్రకారం మురుగు లైన్‌లోకి వెళ్లే నీళ్లలో లీటరుకి నూనె, గ్రీజు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, కలిసిపోయిన మట్టి 600, బీఓడీ, అంటే నీళ్లలోని కుళ్లే మురికిని తినడానికి సూక్ష్మజీవులకి కావలసిన ఆక్సిజన్ లెక్క, 350 దాటకూడదు. ఇరవై అంటే ఎంతనుకున్నావు, వెయ్యి లీటర్ల ట్యాంకు నీళ్లలో రెండు పెద్ద చెంచాల నూనె కూడా కాదు. మనం మామూలుగా ఒక్క లారీకే అంతకంటే ఎక్కువ వదులుతాం.

"సైడు కాలువలోకి తిప్పేద్దాం సార్" అంటాడు మేస్త్రీ. వినకు. వాన కాలువ నీళ్లని శుద్ధి చేసేవాళ్లెవరూ ఉండరు, అందుకే కాలువలు, చెరువుల్లోకి వదిలే నీళ్లకి లెక్క ఇంకా గట్టిది, నూనె 10, బీఓడీ 30. మురుగు లైన్‌కి కాస్త ఎక్కువ ఒప్పుకున్నారంటే, మిగతా పని విజయవాడ సింగ్‌నగర్ లాంటి చోట్ల ఉన్న శుద్ధి ప్లాంట్లలో సూక్ష్మజీవులు చేస్తాయని. వాటి మీద గ్రీజు పోస్తే అవి పని ఎలా చేస్తాయి చెప్పు? పైగా ఆ గ్రీజు పైపులోనే గడ్డకట్టి వీధంతా మ్యాన్‌హోళ్లు పొంగుతాయి, అప్పుడు తిట్లు తినేది నువ్వే.

ఇక నా తెలివి చూడు. మొదటిసారి గొయ్యి కట్టించినప్పుడు బయటికి పోయే పైపుని నీళ్లట్యాంకు ఓవర్‌ఫ్లోలాగా పైనే పెట్టించా. నూనె పైన తేలుతుంది కదా, ముందు అదే పోయింది! మట్టి మాత్రం బుద్ధిగా గొయ్యిలో కూర్చుంది. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు శాంపిల్ పట్టుకెళ్లాక గానీ నాకు ఎక్కలేదు. నువ్వు మూడు గదులు కట్టించు. మొదటి దాంట్లో ఇసుక, మట్టి దిగుతాయి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, చివర బయటికి కూడా, టీ బెండ్ (ఇంగ్లిష్ T ఆకారంలో ఉండే పైపు ముక్క) పెట్టి దాని కాలు నీళ్లలోకి దించు, అప్పుడు కింది నీళ్లే కదులుతాయి, నూనె పైన ఆగిపోతుంది.

సబ్బు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. సబ్బు కలిస్తే నూనె తేలదు, సన్న బొట్లుగా విడిపోయి, పాలలా నీళ్లలో కలిసి వాటితోపాటే జారిపోతుంది, ఎన్ని గదులున్నా అంతే. అందుకని ముందు మట్టి, గ్రీజు గీకించు, తర్వాత ఉత్త నీళ్లతో ప్రెషర్ కొట్టించు, షాంపూ చివర్లో కాస్తే. షెడ్డు రేకుల మీది వాన నీళ్లు గొయ్యిలోకి రానివ్వకు, ఒక్క పెద్ద వానకి నెలరోజుల నూనె మొత్తం కొట్టుకుపోతుంది. బోరు నీళ్లు కలిపి పల్చన చేద్దామనే ఐడియా ఎవడైనా ఇస్తే దండం పెట్టి పంపించు, నీళ్లు పెరిగినా నూనె తగ్గదు కదా.

తీసిన నూనె డ్రమ్ములో పెట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు దాచుకో. కాలుష్య నియంత్రణ మండలిలో 1974 జల చట్టం కింద పెట్టడానికో అనుమతి, నడపడానికో అనుమతి అని రెండు మెట్లుంటాయి, నీ షెడ్డుకి ఏవి కావాలో కట్టకముందే వెళ్లి అడుగు.

ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి బయల్దేరి వస్తా. మేస్త్రీని ఉండమను. ఆరంగుళాల టీ బెండ్లు మూడు కొని పెట్టు.

మీ మావయ్య